ఖాళీ గోతానికీ లెక్క ఉంది
(తిరిగొచ్చే సరుకుల నిల్వ గురించి ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నారు. కవితలు రాయడం నాకు రాదు, నాకు తెలిసిన పని గురించే రాస్తానన్నాను. నేను స్టోర్స్‌లో పనిచేస్తాను. సరుకు దించుకోవడం, ఇవ్వడం, రిజిస్టరులో ఎక్కించడం, ఇంతే పని. ఇందులో చదువుకోవడానికి ఏముంది అనిపిస్తుంది చాలామందికి. అయితే ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నవాళ్లు, బీకాం, ఎంబీఏ చదివేవాళ్లు ‘ఇన్వెంటరీ’ అనే పాఠం రాగానే సూత్రాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడమే చూశాను. ఆ పాఠంలో అన్నిటికంటే చిక్కైన భాగం మన హాస్టల్ స్టోరు రూములోనే గోడకు ఆనుకుని ఉంటుంది. అదే ఖాళీ గోతాల దొంతర. అక్కడి నుంచే మొదలుపెడదాం.

పోయేది, తిరిగొచ్చేది

సరుకులు రెండు రకాలు. బియ్యం, కందిపప్పు, చింతపండు, సబ్బులు ఒక రకం. కొన్నాం, వాడాం, అయిపోయాయి. వీటి లెక్క సులువు. నెలకు ఎంత ఖర్చవుతుంది, తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుంది, మధ్యలో బండి ఆలస్యమైతే ఇబ్బంది లేకుండా ఎంత అదనంగా ఉంచాలి అని చూసుకుంటే చాలు. 1913లో అమెరికాలో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు ఒకసారికి ఎంత సరుకు తెప్పిస్తే ఖర్చు తక్కువవుతుందో సూత్రం కట్టాడు. మీ పుస్తకాల్లో ‘ఈఓక్యూ’ అని ఉండేది అదే. ఆ సూత్రంలో పైకి చెప్పని ఒక షరతు ఉంది. స్టోరు గడప దాటిన సరుకు మళ్లీ వెనక్కి రాదు అన్నదే ఆ షరతు.

రెండో రకానికి ఈ షరతు వర్తించదు. గ్యాస్ సిలిండరు, గోనె సంచి, సోడా సీసా, బుక్ బ్యాంకు పుస్తకం, ఆర్టీసీ బస్సు ఇంజను ఇవన్నీ వెళ్తాయి, వస్తాయి, మళ్లీ వెళ్తాయి. వచ్చినప్పుడు వెళ్లినట్టే ఉండవు. కొన్ని బాగుంటాయి, కొన్నిటికి మరమ్మతు కావాలి, కొన్ని పనికిరావు. ఎన్ని వస్తాయో, ఎప్పుడు వస్తాయో మన చేతిలో ఉండదు. ఇలాంటి సరుకు తిరిగే దారిని ఇంగ్లీషు పుస్తకాల్లో ‘క్లోజ్డ్ లూప్ సప్లై చైన్’ అంటారు. మన భాషలో చెప్పాలంటే గానుగెద్దు తిరిగే బాట. ఎద్దు ఒక్కటే, తిరిగే చుట్లే వేరు.

ముందు సిలిండరుతో ఒక చిన్న లెక్క. మన వంటగదిలో ఒక సిలిండరు మూడు రోజులు వస్తుందనుకోండి. ఖాళీది ఇచ్చి నిండుది చేతికి రావడానికి ఆరు రోజులు పడుతుందనుకోండి. ఆ ఆరు రోజుల్లో రెండు సిలిండర్లు అయిపోతాయి. అంటే రెండు ఎప్పుడూ దారిలో ఉంటాయి, ఒకటి పొయ్యి దగ్గర ఉంటుంది. మొత్తం మూడు కావాలి. ఏజెన్సీ తొమ్మిది రోజులు తీసుకుంటే దారిలో మూడు, పొయ్యి దగ్గర ఒకటి, అంటే నాలుగు. మన వంట పెరగలేదు, పిల్లల సంఖ్య పెరగలేదు. తిరిగొచ్చే రోజులు మాత్రమే పెరిగాయి. అందుకే ఇంకో సిలిండరుకు డిపాజిట్ కట్టాల్సి వచ్చింది.

దీన్ని సూత్రంగా రాస్తే: దారిలో ఉండే సంఖ్య = రోజుకు వాడకం × తిరిగిరావడానికి పట్టే రోజులు. 1961లో జాన్ లిటిల్ దీనికి గణితపరంగా నిరూపణ ఇచ్చాడు కాబట్టి ‘లిటిల్ సూత్రం’ అంటారు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క గుణకారం మీదే నడుస్తుంది.

సిలిండరు సంగతి వచ్చింది గనుక ఇంకో మాట. దాని పైన, పట్టుకునే కడియానికి కింది పట్టీల మీద ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జులై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. ‘సి 27’ అని ఉంటే 2027 సెప్టెంబరు లోపల ఆ సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలి. గడువు దాటినది వస్తే తీసుకోవద్దు. ఖాళీ సిలిండరు బరువు కూడా అక్కడే ఉంటుంది. తూకం వేసి అది తీసేస్తే లోపల గ్యాస్ ఎంతో తెలిసిపోతుంది. ఇంటికి వచ్చే సిలిండరులో 14.2 కిలోలు, హోటళ్లకు వచ్చేదాంట్లో 19 కిలోలు ఉండాలి.

గోతం ప్రయాణం

ఇప్పుడు గోతాల దగ్గరికి వద్దాం. ప్రభుత్వం సేకరించే ధాన్యానికి జనపనార సంచులే వాడాలని 1987లో చట్టం వచ్చింది. ఆ సంచుల్లో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్ మిల్లుల్లో తయారవుతాయి. యాభై కిలోల కొత్త సంచి బరువు 580 గ్రాములు.

ఈ 580 గ్రాములను గుర్తు పెట్టుకోండి. నెలకు మన హాస్టల్‌కు 30 బస్తాల బియ్యం వస్తుందనుకుందాం. సంచితో కలిపి 50 కిలోలు తూగితే, నిజంగా బియ్యం 49 కిలోల 420 గ్రాములే. ముప్పై బస్తాలకు తేడా 17 కిలోల 400 గ్రాములు. వందమంది పిల్లలున్న హాస్టల్లో అది దాదాపు ఒక పూట అన్నం. దింపుకునేటప్పుడు ‘సంచి బరువు పోను’ అని అడగడానికి మొహమాటపడకూడదు. సంచి సంచే, బియ్యం బియ్యమే.

సంచి ఎలా తిరుగుతుందో చూడండి. కోతల సమయంలో సంచులు రైతు దగ్గరికి వెళ్తాయి. నలభై కిలోల చొప్పున నింపితే క్వింటాలు ధాన్యానికి రెండున్నర సంచులు కావాలి. మిల్లులో ఆ క్వింటాలు ఆడిస్తే 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్నది లెక్క. యాభై కిలోల చొప్పున దానికి సుమారు ఒకటింబావు సంచి చాలు. అంటే మిల్లు దగ్గరే ప్రతి క్వింటాలుకు ఒకటి పైచిలుకు సంచి ఖాళీగా మిగిలిపోతుంది. బియ్యంతో బయల్దేరిన సంచి గోదాముకు, అక్కడి నుంచి రేషన్ డిపోకో హాస్టల్‌కో వస్తుంది. బియ్యం అయిపోయాక మూల పడుతుంది. నవంబరులో ధాన్యం పోసిన సంచి మళ్లీ ఖాళీ అయ్యేసరికి ఆరేడు నెలలు గడిచినా ఆశ్చర్యం లేదు. లిటిల్ సూత్రంలో పెట్టి చూడండి. తిరిగే కాలం ఇంత పొడుగైతే బాటలో ఎన్ని కోట్ల సంచులు ఉండాలో!

ఈ బాట తెగితే ఏమవుతుందో 2020లో అందరూ చూశారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, బెంగాల్‌లో జూట్ మిల్లులు మూతపడ్డాయి. సరిగ్గా అప్పుడే రబీ వరి కోతకు వచ్చింది. ధాన్యం కళ్లాల్లో ఉంది, సంచుల్లేవు. కొత్త సంచులు దొరక్కపోవడంతో ప్రభుత్వాలు పాత సంచుల వైపు, ప్లాస్టిక్ సంచుల వైపు చూశాయి. రేషన్ డీలర్ల దగ్గర, మిల్లుల దగ్గర ఖాళీ సంచులు ఎన్ని ఉన్నాయని వెతుకులాట మొదలైంది. నిన్నటిదాకా చెత్తలా కనిపించినది ఒక్క వారంలో సరుకైపోయింది. ఎక్కడ ఎన్ని ఉన్నాయో ముందే రాసిపెట్టుకున్నచోట పని తేలికైంది. రాసుకోని చోట వెతకడంతోనే పుణ్యకాలం గడిచిపోయింది.

మన అనంతపురం ప్రాంతంలో గోతానికి ఇంకో వాడకం ఉంది. ఇక్కడ వరి తక్కువ. హెచ్చెల్సీ కింద, చెరువుల కింద తప్ప మిగతాదంతా మెట్ట. మన జిల్లా శెనక్కాయల జిల్లా. జూన్, జులైలో వేసిన శెనక్కాయ అక్టోబరు, నవంబరులో పీకుతారు. కాయలు ఒలిచి ఎండబెట్టి బస్తాలకు ఎత్తే రెండు నెలల్లోనే ఊరంతటికీ గోతాలు కావాలి. చింతపండుకు గిరాకీ మళ్లీ వేసవి ముందర. ఇదే పాత గోతాల వ్యాపారి చూసుకునే లెక్క. బియ్యం గోతాలు నెలనెలా సమానంగా ఖాళీ అవుతాయి. వాటి గిరాకీ మాత్రం ఏడాదిలో కొన్ని వారాల్లోనే ఒక్కసారిగా వచ్చిపడుతుంది. మధ్య కాలమంతా ఎవరో ఒకరు వాటిని పొడిగా, ఎలుకలు కొట్టకుండా కాపాడాలి. ఆ కాపాడటానికి అయ్యే ఖర్చు ధరలో కలుస్తుంది. అందుకే ఫిబ్రవరిలో అమ్మిన గోతానికీ అక్టోబరులో అమ్మిన గోతానికీ ఒకే ధర రాదు.

మరి వాన పడని ఏడాది? మన జిల్లా సగటు వర్షపాతమే 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ సరైన సమయంలో పడదు. చెట్టు ఊడలు దిగే వేళకు వాన పోతే కాయ ఉండదు, కట్టె మిగులుతుంది. ఆ ఏడు బియ్యం గోతాలు ఎప్పటిలాగే ఖాళీ అవుతాయి, ఎందుకంటే కరువొచ్చినా రేషన్ బియ్యం ఆగదు. వాటిని అడిగేవాడే ఉండడు. గత ఏడాది మంచి గిరాకీ చూసి ఇంటి నిండా గోతాలు కొనిపెట్టుకున్న చిన్న వ్యాపారి అప్పులో పడతాడు. పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో రాస్తారు: ‘తిరిగొచ్చే సరుకు రాకకూ గిరాకీకీ సంబంధం ఉండాలని లేదు’. మన దగ్గర ఆ వాక్యం ఒక కుటుంబం బెంగళూరు బస్సెక్కడంతో పూర్తవుతుంది.

ఖాళీ గోతాలను ఒకే దొంతరగా పేర్చడం నాకు నచ్చని పని. మూడుగా పేర్చాలి. చిల్లుల్లేనివి ఒకటి, మాటు వేస్తే పనికొచ్చేవి ఒకటి, కోసి పట్టలుగా పరుచుకోవడానికే పనికొచ్చేవి ఒకటి. రిజిస్టరులో ‘ఖాళీ గోతాలు 90’ అని ఉంటే నాకు ఏమీ తెలియదు. ‘మంచివి 55, మాటు 20, పట్టలు 15’ అని ఉంటే నేను ఏదైనా చేయగలను. 1967లో డేవిడ్ ష్రాడీ అనే ఆయన అమెరికా నౌకాదళపు మరమ్మతు సరుకుల మీద రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి తొలి మెట్లలో ఒకటి. ఆయన మొదట చేసిన పని కూడా ఇదే. వాడటానికి సిద్ధంగా ఉన్నదాన్ని ఒక నిల్వగా, మరమ్మతు కోసం ఎదురుచూసేదాన్ని వేరే నిల్వగా విడదీశాడు. ఆ తర్వాతే సూత్రం కట్టాడు.

ఇంజను కోసం ఆగిన బస్సు

గోతం చిన్న వస్తువు. ఇదే లెక్క పెద్ద వస్తువుకు వచ్చేసరికి ఎలా ఉంటుందో ఆర్టీసీలో చూడొచ్చు.

1958 జనవరి 11న ఏర్పడిన ఏపీఎస్‌ఆర్టీసీకి డిపోలే కాక జోనల్ వర్క్‌షాపులు కూడా ఉన్నాయి. మన రాయలసీమకు కడపలో ఉంది. డిపోలో బస్సు ఇంజను పాడైతే ఆ బస్సు కిందే కూర్చుని మొత్తం ఇంజనును విప్పి బాగుచేస్తూ ఉండరు. దాన్ని దించి, డిపోలో సిద్ధంగా ఉన్న మరో ఇంజను ఎక్కించి బస్సును రోడ్డు మీదికి పంపుతారు. దించిన ఇంజను వర్క్‌షాపుకు వెళ్లి, బాగై తిరిగొచ్చి, మరో బస్సు కోసం ఎదురుచూస్తుంది. ఇలా చేతిలో ఉంచుకునే అదనపు ఇంజన్లను ‘ఫ్లోట్’ అంటారు. టైర్లకూ ఇదే పద్ధతి. అరిగిన టైరుకు రీట్రేడింగ్ చేసి మళ్లీ వాడతారు. అయితే మరీ అరిగి లోపలి పొరలు బయటపడిన టైరు రీట్రేడింగ్‌కు పనికిరాదు. సరైన సమయంలో దించినవాడే టైరును మిగిల్చినవాడు.

ఒక డిపోలో నెలకు సగటున రెండు ఇంజన్లు దించాల్సి వస్తుందనుకుందాం. అవి బాగై తిరిగిరావడానికి నెలన్నర పడుతుందనుకుందాం. ఈ అంకెలు నేను పాఠం కోసం వేసుకున్నవి, ఏ డిపోవీ కావు. లిటిల్ సూత్రం ప్రకారం 2 × 1.5 = 3. ఎప్పుడు చూసినా సగటున మూడు ఇంజన్లు దారిలో ఉంటాయి. అయితే మూడు ఫ్లోట్ ఇంజన్లు చాలా?

చాలవు. సగటు మూడు అంటే ఒక్కోసారి ఒకటే ఉండొచ్చు, ఒక్కోసారి ఐదు ఉండొచ్చు. ఇంజన్లు మాట్లాడుకుని ఒకదాని తర్వాత ఒకటి పాడవవు కదా. గణితంలో పాయిజాన్ విభాజనం అని ఒక పాఠం ఉంది. ఆ పాఠం ఇక్కడ పనికొస్తుంది. సగటు 3 పెట్టి లెక్క చేయండి. దారిలో మూడుకు మించి ఉండే సంభావ్యత సుమారు 0.35 వస్తుంది. అంటే ఫ్లోట్ మూడే ఉంటే వంద రోజుల్లో సుమారు 35 రోజులు కనీసం ఒక బస్సు ఇంజను లేక షెడ్డులో నిలబడి ఉంటుంది. నాలుగు ఉంచితే ఆ రోజులు 18 లేదా 19. ఐదు ఉంచితే సుమారు 8.

ఇప్పుడు ఇంకో దారి చూద్దాం. కొత్త ఇంజను ఒక్కటి కూడా కొనవద్దు. మూడే ఉంచండి. కానీ తిరిగొచ్చే కాలాన్ని నెలన్నర నుంచి నెలకు తగ్గించండి. వారానికి ఒకసారి వెళ్లే లారీని వారానికి రెండుసార్లు పంపడమో, దించిన ఇంజను డిపోలోనే పదిరోజులు పడి ఉండకుండా మర్నాడే ఎక్కించడమో చేయండి. అప్పుడు సగటు రెండుకు దిగుతుంది. దారిలో మూడుకు మించి ఉండే సంభావ్యత 0.14. వంద రోజుల్లో 14 రోజులే.

మరోసారి చూడండి. మూడు ఇంజన్లు, నెలన్నర – 35 రోజులు. నాలుగు ఇంజన్లు, నెలన్నర – 18, 19 రోజులు. మూడే ఇంజన్లు, నెల – 14 రోజులు. ఒక కొత్త ఇంజను కొన్నదానికంటే, ఉన్నవాటిని పదిహేను రోజులు ముందు రప్పించడమే ఎక్కువ మేలు చేసింది! నేను ఈ వ్యాసం రాసింది ముఖ్యంగా ఈ ఒక్క లెక్క చూపించడానికే. తిరిగొచ్చే సరుకు విషయంలో త్వరగా రావడం కూడా ఒక నిల్వే. దానికి గోదాము అక్కర్లేదు, చాలాసార్లు డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. కానీ బడ్జెట్ కాగితాల్లో ‘కొత్తది కొనుగోలు’ అని రాయడానికి గడి ఉంటుంది, ‘త్వరగా తెప్పించుట’ అని రాయడానికి గడి ఉండదు. అందువల్ల అందరూ మొదటిదే అడుగుతారు.

1968లో క్రెయిగ్ షెర్‌బ్రూక్ అనే ఆయన ర్యాండ్ సంస్థలో ఉండగా అమెరికా వైమానిక దళం విమాన భాగాలకు ఇదే తరహా లెక్కను పెద్ద ఎత్తున కట్టాడు. ఏ స్థావరంలో ఎన్ని, కేంద్ర డిపోలో ఎన్ని ఉంచాలన్నది ఆయన ప్రశ్న. ‘మెట్రిక్’ అని దానికి పేరు. విమానమైనా, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మాత్రమే తిరిగే మన పల్లెవెలుగు బస్సైనా లెక్క ఒకటే. ఆ బస్సు షెడ్డులో ఉన్న రోజు కాలేజీకి రాలేకపోయిన పిల్ల హాజరు పట్టీలో మాత్రం ఇంజను పేరు ఉండదు, ఆబ్సెంటు అని ఆ పిల్ల పేరే ఉంటుంది.

మన బుక్ బ్యాంకు

చివరికి మనకు అన్నిటికంటే దగ్గరి విషయం. ఖరీదైన వృత్తివిద్యా కోర్సులు చదివే ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం 1978–79లో బుక్ బ్యాంకు పథకం మొదలుపెట్టింది. ఇంజనీరింగు, మెడిసిన్ పుస్తకాలు కొనలేక చదువు మానేసే పరిస్థితి రాకూడదన్నది ఉద్దేశం. నిబంధన ప్రకారం ఇద్దరు విద్యార్థులకు ఒక సెట్టు ఉండేది. ఒక సెట్టు ఆయుష్షు మూడేళ్లుగా ఉండేది. ఆ తర్వాత అది పనికిరానిదిగా లెక్కించేవారు. ఈ నిబంధన రాసినవారికి తెలిసో తెలియకో చక్కటి క్లోజ్డ్ లూప్ సమస్య తయారైంది. హాస్టళ్లలో, కాలేజీల్లో సీనియర్లు సొంతంగా పెట్టుకున్న బుక్ బ్యాంకులకూ ఇదే లెక్క సరిపోతుంది.

నలభైమంది విద్యార్థులు, ఇరవై సెట్లు అనుకోండి. ఇచ్చినవన్నీ ఏడాది చివర తిరిగొస్తే, ఏటా మూడో వంతు మాత్రమే మూలపడతాయి. ఏటా 7 కొత్త సెట్లు కొంటే చాలు. పదింటికి ఎనిమిదే తిరిగొస్తే? కొన్న ప్రతి సెట్టూ మొదటి ఏడు ఒకటి, రెండో ఏడు 0.8, మూడో ఏడు 0.64, మొత్తం 2.44 సెట్టు–సంవత్సరాలు ఇస్తుంది. ఇరవైని దానితో భాగిస్తే ఎనిమిది దాటుతుంది కాబట్టి 9 కొనాలి. పదింటికి ఆరే తిరిగొస్తే 1 + 0.6 + 0.36 = 1.96. అప్పుడు 11 కొనాలి.

కానీ గ్రాంటు ఏడు సెట్లకే వచ్చిందనుకోండి. ఏడును 1.96తో హెచ్చిస్తే పదమూడు, పద్నాలుగు సెట్లు మాత్రమే చేతిలో ఉంటాయి. కాగితం మీద ఇద్దరికి ఒకటి. గదిలో ముగ్గురికి ఒకటి. పరీక్షల ముందు రాత్రి ఆ మూడోవాడికి పుస్తకం దక్కదు. సాధారణంగా ఆ మూడోవాడు గట్టిగా అడగలేనివాడే అయి ఉంటాడు.

పోయినవాటికంటే ఆలస్యంగా వచ్చినవాటి నష్టం కంటికి కనబడదు. పాత సెట్లు పదమూడు ఉన్నాయి, అన్నీ తిరిగొచ్చాయి, కాకపోతే క్లాసులు మొదలైన రెండు నెలలకు వచ్చాయి. రిజిస్టరులో ఒక్కటి కూడా తక్కువ లేదు. కానీ 13 × 2 = 26 సెట్టు–నెలలు పోయాయి. విద్యాసంవత్సరం పది నెలలనుకుంటే, ఏడాది పొడవునా రెండున్నర సెట్లకు పైగా లేనట్టే. ఆడిట్ చేసేవారు సంఖ్య చూస్తారు, తేదీ చూడరు.

ఆలస్యం ఎందుకవుతుంది? దొంగబుద్ధి వల్ల కాదు. పరీక్ష అయిన సాయంత్రమే పెట్టె సర్దుకుని ఊరికి పోతాం. పుస్తకాలు పెట్టెలోనే పోతాయి. వేసవిలో కొందరు ఇంట్లో పనికి, కొందరు బెంగళూరు పనులకు వెళ్తారు. ఒక్క పుస్తకం ఇవ్వడానికి ఛార్జీలు పెట్టుకుని ఎవరొస్తారు? సబ్జెక్టు మిగిలినవాడు సప్లిమెంటరీ అయ్యేదాకా ఇవ్వలేడు. అది వాడి అవసరం.

కొన్నిచోట్ల జరిమానా పెడతారు, కొన్నిచోట్ల సర్టిఫికెట్లు ఆపుతారు. నా అభిప్రాయంలో సర్టిఫికెట్ ఆపడం తప్పు. మూడువందల రూపాయల పుస్తకానికి ఒకడి ఉద్యోగ దరఖాస్తు ఆగకూడదు. డిపాజిట్ పద్ధతి సిలిండరుకు బాగుంటుంది. నెల ఖర్చుకే వెతుక్కునే పిల్లవాణ్ణి ముందే ఐదువందలు కట్టమంటే అసలు పుస్తకమే తీసుకోడు, అప్పుడు బుక్ బ్యాంకు ఎవరి కోసం?

ఇక్కడ గోలీ సోడా బండి నుంచి నేర్చుకోవాలి. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్న ఆ గోలీ సీసా మన ఊళ్లలో ఎండాకాలమంతా తిరిగింది. సోడా బండివాడు డిపాజిట్ అడగడు, జరిమానా రాయడు. సీసా ఇంటికి తీసుకుపోనివ్వడు, అంతే. అక్కడే తాగి అక్కడే ఇచ్చేస్తాం. సీసా తిరిగొచ్చే కాలం రెండు నిమిషాలు. అందుకే యాభై సీసాలతో రోజంతా వ్యాపారం నడుస్తుంది. ఇవ్వడం అనేది వాడుకున్నవాడికి శ్రమ కాకుండా చూశాడు.

బుక్ బ్యాంకులో దీన్ని ఎలా పెట్టొచ్చంటే, పుస్తకాలను పిల్లలు తెచ్చి ఇవ్వాలని ఎదురుచూడకుండా ఆఖరి పరీక్ష రోజు సాయంత్రం ఇద్దరు విద్యార్థులు రిజిస్టరు పట్టుకుని గది గదికీ తిరగాలి. పెట్టె సర్దక ముందే. సప్లిమెంటరీ ఉన్నవాడి దగ్గర ఉంచి, ఏ తేదీకి ఇస్తాడో అతని చేతే రాయించుకోవాలి. అది బాకీ కాదు, ముందే తెలిసిన ఆలస్యం. దాన్నిబట్టి ఆ సెట్టును జూనియర్ల లెక్కలోంచి ముందే తీసేయొచ్చు. వచ్చిన పుస్తకాలను గోతాల్లాగే మూడుగా పేర్చాలి. అట్ట ఊడినవాటికి వేసవిలోనే బైండింగ్ చేయించాలి. జూన్‌లో పంచేటప్పుడు బైండింగ్‌కు పంపితే అది మరో నెల ఆలస్యం.

రిజిస్టరులో ఇప్పుడున్న గడులు మీకు తెలుసు: వచ్చినవి, ఇచ్చినవి, నిల్వ. తిరిగొచ్చే సరుకుకు ఇంకో మూడు గీసుకోండి: బయట ఉన్నవి, రావాల్సిన తేదీ, మరమ్మతులో ఉన్నవి. కార్ల ఫ్యాక్టరీలకు విడిభాగాలు మోసే ప్లాస్టిక్ బిన్లు కూడా ఖాళీగా వెనక్కి వెళ్లి మళ్లీ నిండి వచ్చేవే. వాటి మీద కంప్యూటరు స్కాను చేసే పట్టీ అతికిస్తారు. కంప్యూటరులో ఉండేవీ చివరికి ఈ ఆరు గడులే. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక మన ప్రాంతంలో గోదాముల ఉద్యోగాలు కొన్ని పెరిగాయి. ఇంటర్వ్యూకు వెళ్లే తమ్ముళ్లు ఈ గడుల గురించి రెండు మాటలు చెప్పగలిగితే నష్టం లేదు.

ఇక అభ్యాసం. వంటగదిలో సిలిండరు రెండు రోజులకు ఒకటి అయిపోతోంది, రీఫిల్ రావడానికి ఎనిమిది రోజులు పడుతోంది. పొయ్యి దగ్గరున్న దానితో కలిపి ఎన్ని కావాలి? రెండోది: నెలలో తిరిగొచ్చే ఏర్పాటు చేసిన డిపో, దాంతోపాటు నాలుగో ఇంజను కూడా కొన్నది. వంద రోజుల్లో ఎన్ని రోజులు బస్సు ఆగుతుంది? మూడోదానికి పుస్తకం అక్కర్లేదు. మన స్టోరు రూములో గోతాలు ఎన్ని ఉన్నాయో, వాటిలో మంచివెన్నో మాటు వేయాల్సినవెన్నో వార్డెన్ గారి అనుమతితో ఈ ఆదివారం లెక్కపెట్టి, రిజిస్టరులో ఉన్న అంకె పక్కన పెట్టి చూడండి. మొదటి రెండింటి జవాబులు: ఐదు సిలిండర్లు, సుమారు ఐదు రోజులు.